డెబ్బై దాటాక కొలెస్ట్రాల్ లెక్క

పొద్దున ఆరున్నరకే డయాగ్నస్టిక్ సెంటర్ల గుమ్మం ముందు చెప్పులు వరసకడతాయి. లోపల కుర్చీల్లో ఎక్కువ మంది పెద్దవాళ్లే. రాత్రి ఎనిమిదికి తిన్న ఇడ్లీ తప్ప కడుపులో ఏమీ లేదు, కాఫీ పడక తల పట్టేసింది. పక్కన కొడుకో కోడలో ఫోను చూసుకుంటూ ఉంటారు. పేరు పిలవగానే చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ లోపలికి వెళ్లి, దూది అదిమి పట్టుకుని బయటికొస్తారు. సాయంత్రానికల్లా రిపోర్టు వాట్సాప్‌లో వచ్చేస్తుంది. అందులో కొన్ని అంకెలు బొద్దుగా ఉంటాయి, పక్కన ‘హెచ్’ అని ఒక అక్షరం. ఎక్కువ ఉందని దానర్థం. డాక్టరు చూడకముందే ఇల్లంతా దాన్ని చదివేస్తుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర నెయ్యి గిన్నె కనిపించదు.

అలాంటి రిపోర్టు ఒకటి ముందు పెట్టుకుందాం. అది 72 ఏళ్ల రిటైర్డ్ లెక్కల మాస్టారిదనుకుందాం. మొత్తం కొలెస్ట్రాల్ 212, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్లు 190, ఎల్‌డీఎల్ 136. డెసీలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని కొలత. మాస్టారికి బీపీ ఉంది, మాత్ర వేసుకుంటారు. షుగరు లేదు. గుండెపోటు ఎప్పుడూ రాలేదు.

ఈ నాలుగింట్లో ఇంట్లో అందరినీ భయపెట్టేది ఎల్‌డీఎల్. తమాషా ఏమిటంటే, చాలా ల్యాబుల్లో అది కొలిచిన అంకె కాదు, లెక్కకట్టిన అంకె. 1972లో ఫ్రీడ్‌వాల్డ్, లెవీ, ఫ్రెడ్రిక్‌సన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఒక సులువు సూత్రం ప్రచురించారు. ట్రైగ్లిజరైడ్లను ఐదుతో భాగించు, ఆ వచ్చినదాన్నీ హెచ్‌డీఎల్‌నూ మొత్తంలోంచి తీసెయ్యి, మిగిలిందే ఎల్‌డీఎల్. మాస్టారి 190ని ఐదుతో భాగిస్తే 38. 212లోంచి రెండు 38లు పోతే 136. ఎనిమిదో తరగతి పిల్లాడు చేసే లెక్క. అయితే ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ సూత్రం పనికిరాదు. అంతకంటే తక్కువున్నా, ఎల్‌డీఎల్ బాగా తగ్గి ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవాళ్లలో అసలు కంటే తక్కువ చూపిస్తుంది.

పరగడుపున రమ్మనే ఆనవాయితీ వెనక ఉన్నదీ ఈ ట్రైగ్లిజరైడ్లే. తిన్నాక పెరిగేవి ప్రధానంగా అవే. ఎంత పెరుగుతాయో డెన్మార్క్ వాళ్లు వేలమందిలో కొలిచి చూశారు. మామూలు భోజనం తర్వాత సగటున 26 మిల్లీగ్రాములు, అంతే. ఎల్‌డీఎల్‌లో తేడా 8. అక్కడ 2009 నుంచే పరగడుపు నియమం సడలించారు. మన దేశంలో కార్డియాలజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో తొలిసారి కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు విడుదల చేస్తూ, తిని వచ్చినా పరీక్ష చేయవచ్చని చెప్పింది. ట్రైగ్లిజరైడ్లు మరీ ఎక్కువ తేలితే అప్పుడు పరగడుపున మళ్లీ చేయించుకోవాలి. షుగరుకు ఇన్సులిన్ తీసుకునే డెబ్బై ఏళ్ల మనిషిని పొద్దున తొమ్మిది దాకా ఖాళీ కడుపుతో కూర్చోబెట్టడంలో ప్రమాదం ఉంది కాబట్టి ఇది చిన్న సంగతేమీ కాదు. అయినా ల్యాబు గోడల మీద ‘12 గంటలు ఏమీ తినరాదు’ అన్న కాగితం ఇంకా అతికించే ఉంటుంది.

ఇంతకీ ఈ కొలెస్ట్రాల్ ఒంటికి పగదేమీ కాదు. ప్రతి కణం పొరలోనూ అది ఉండాలి. విటమిన్ డి, పిత్తరసం, స్త్రీ పురుష హార్మోన్లు అన్నీ దానితోనే తయారవుతాయి. తిండిలోంచి వచ్చేది కొంతే, ఎక్కువ భాగం ఒళ్లే తయారుచేసుకుంటుంది. నూనె ప్యాకెట్ల మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని గర్వంగా అచ్చువేస్తారు గానీ, వేరుశనగ నూనెలోనూ పామాయిల్‌లోనూ లెక్కపెట్టదగ్గ కొలెస్ట్రాల్ ఏనాడూ లేదు. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు. దాని వల్ల రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను ఏరుకునే పనిలో కాలేయం మందగిస్తుంది. ఆ మాట ప్యాకెట్ ముందువైపు ఉండదు.

నీళ్లలో నూనె కలవదు. రక్తంలో ఎక్కువ భాగం నీరే. అందుకని కొవ్వు రక్తంలో ఒంటరిగా తిరగలేదు, ప్రొటీన్ చుట్టిన సూక్ష్మమైన రేణువుల్లో కూర్చుని ప్రయాణిస్తుంది. ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ అనేవి ఆ బండ్ల పేర్లు. రిపోర్టులో కనిపించే 136 బండ్ల లెక్క కాదు, వాటిలోని సరుకు బరువు. తేడా ఎక్కడొస్తుందో తెలియాలంటే ధాన్యం వచ్చే రోజుల్లో మార్కెట్ యార్డు దారిని తలుచుకుంటే చాలు. నాలుగు వందల బస్తాలు నాలుగు లారీల్లో వెళ్లొచ్చు, నలభై ఆటో ట్రాలీల్లోనూ వెళ్లొచ్చు. కాటా దగ్గర తూకం ఒకటే. దారి మూసుకుపోయేది మాత్రం బండ్ల లెక్కను బట్టి.

ధమనిలో జరిగేదీ అలాంటిదే. రేణువు గోడలోకి చొరబడి అక్కడ ఇరుక్కుంటుంది. దాన్ని తినడానికి తెల్లకణాలు వస్తాయి, తిని తిని ఉబ్బి అక్కడే చచ్చిపోతాయి. కాలవలో పూడిక పేరుకున్నట్టు ఏళ్ల తరబడి పేరుకుని, మీద సున్నం పట్టి, ఏదో ఒకరోజు పైపొర చిట్లితే రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. గోడలో ఇరుక్కునే రేణువులన్నిటికీ ఒక ఉమ్మడి గుర్తు ఉంది, అపోబీ అనే ప్రొటీన్. ఒక్కో రేణువుకు ఒక్కటే అపోబీ. అంటే అపోబీని కొలిస్తే బండ్లను లెక్కపెట్టినట్టే. 52 దేశాల్లో సుమారు 15 వేల మంది గుండెపోటు రోగులను, దాదాపు అంతే సంఖ్యలో ఆరోగ్యవంతులను పోల్చిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో వెలువడింది. అందులో గుండెపోటుతో గట్టిగా ముడిపడిన సూచికల్లో ముందు నిలిచింది అపోబీకీ, హెచ్‌డీఎల్‌లో ఉండే అపోఏ1కీ మధ్య నిష్పత్తి.

అపోబీ పరీక్ష అన్ని ఊళ్లలోనూ చేయరు. చేసినా ఖర్చు. అయితే దానికి దగ్గరగా వచ్చే అంకె ఒకటి అందరి రిపోర్టులోనూ ఉచితంగా ఉంది. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే వచ్చే ‘నాన్ హెచ్‌డీఎల్’. మాస్టారికి అది 174. గుండెజబ్బు ముప్పు తక్కువున్నవాళ్లకు కూడా ఇది 130 లోపల ఉండాలని 2024 మార్గదర్శకాలు అంటాయి, ఎల్‌డీఎల్ 100 లోపల. బీపీ, షుగరు లాంటివి ఉండి ముప్పు ఎక్కువని తేలినవాళ్లకు ఎల్‌డీఎల్ 70, గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు 55.

మాస్టారి రిపోర్టు తీరు మన ప్రాంతానికి కొత్తది కాదు. ఎల్‌డీఎల్ మరీ ఎక్కువేం ఉండదు, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ. రేణువులు చిన్నవిగా, ఎక్కువగా ఉండే రకం ఇది. నలభై ఆటో ట్రాలీల రకం. ఇంటర్‌హార్ట్‌లోనే దక్షిణాసియా వాళ్లకు తొలి గుండెపోటు 53 ఏళ్ల దగ్గర వస్తే, మిగతా దేశాలవాళ్లకు 59 దగ్గర వచ్చింది. పొలం పనులు చేసే పల్లెల్లో ఈ జబ్బు ఉండదనే నమ్మకం కూడా ఎప్పుడో పోయింది. ఈ శతాబ్దం మొదట్లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఆరోగ్య కార్యకర్తలు చావు జరిగిన ప్రతి ఇంటికీ వెళ్లి, మనిషి ఎలా పోయాడో ఇంటివాళ్లను అడిగి నమోదు చేశారు. గుండె, రక్తనాళాల జబ్బులే దాదాపు మూడోవంతు చావులకు కారణమని తేలింది.

హెచ్‌డీఎల్‌కు ‘మంచి కొలెస్ట్రాల్’ అన్న పేరు స్థిరపడిపోయింది. తక్కువున్నవాళ్లకు గుండెజబ్బు ఎక్కువన్నది నిజమే. అలాగని పెంచితే మేలు జరుగుతుందా? టోర్సెట్రపిబ్ అనే మందు దాన్ని 72 శాతం పెంచింది. 15 వేల మందిపై ప్రయోగం నడుస్తుండగా మందు వేసుకుంటున్నవాళ్లలో చావులు ఎక్కువ కావడంతో 2006 డిసెంబరులో అంతా ఆపేశారు. హెచ్‌డీఎల్‌ను కారణంగా కాక ఆనవాలుగా చూడాలన్న ఆలోచన అప్పటి నుంచి బలపడింది. మాస్టారి 38ని 50 చేస్తామని అమ్మే పొడుల జోలికి పోనక్కర్లేదు.

ఎల్‌డీఎల్ సంగతి అలా కాదు. అది కారణమేనని చెప్పే సాక్ష్యం చాలా వైపుల నుంచి వచ్చింది. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెలను కోసి చూసిన వైద్యులు 1953లో ఒక నివేదిక ఇచ్చారు. సగటు వయసు 22. వాళ్లలో 77 శాతం మందికి గుండె ధమనుల్లో అప్పటికే కంటికి కనిపించే పూడిక ఉంది. అంటే డెబ్బైలో బయటపడే జబ్బు ఇరవైల్లోనే మొలకెత్తి ఉంటుంది. ఇవాళ్టి 136 ఒక్క రోజు కొలత. గోడలో పేరుకున్నది యాభై ఏళ్ల కూడిక.

ఈ కూడిక ఎంత బలమైందో 2006లో ఒక జన్యువు చూపించింది. పీసీఎస్‌కే9 అనే జన్యువులో ఒక ప్రతి పుట్టుకతోనే పనిచేయని నల్లజాతి అమెరికన్లను టెక్సాస్ శాస్త్రవేత్తలు హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ బృందం పరిశీలించింది. వాళ్ల ఎల్‌డీఎల్ మిగతావాళ్ల కంటే 28 శాతం తక్కువ, గుండెజబ్బు ఏకంగా 88 శాతం తక్కువ. దీని పక్కన 2002లో వచ్చిన ప్రాస్పర్ ప్రయోగాన్ని పెట్టి చూడాలి. స్కాట్లండ్, ఐర్లండ్, నెదర్లండ్స్‌లో 70 నుంచి 82 ఏళ్ల మధ్య ఉన్న 5,804 మందిలో సగం మందికి కొలెస్ట్రాల్ తయారీని తగ్గించే స్టాటిన్ రకం మందు ప్రావాస్టాటిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మందు వేసుకున్నవాళ్లకు ఎల్‌డీఎల్ 34 శాతం తగ్గింది. గుండెపోట్లు, గుండెజబ్బు చావులు కలిపి తగ్గింది 19 శాతం. ఎల్‌డీఎల్ ఇక్కడే ఎక్కువ తగ్గింది, ఫలితం మాత్రం అక్కడితో పోలిస్తే కొంచెమే. పుట్టినప్పటి నుంచీ తక్కువ ఉండటానికీ, 75 ఏళ్లకు మొదలుపెట్టి మూడేళ్లు తగ్గించడానికీ ఉన్న తేడా అది. మూడేళ్లలో 19 శాతం తగ్గడం తీసిపారేసేదేమీ కాదనుకోండి.

ఇక పెద్దల విషయంలో అందరినీ తికమకపెట్టే అధ్యయనం ఒకటుంది. వాట్సాప్‌లో ‘కొలెస్ట్రాల్ ఎక్కువుంటేనే ఆయుష్షు’ అని తిరిగే సందేశాలకు మూలం ఇలాంటివే. నెదర్లండ్స్‌లోని లైడెన్ నగరంలో 85 దాటిన 724 మందిని పదేళ్లు గమనించి 1997లో ఫలితం ప్రచురించారు. మొత్తం కొలెస్ట్రాల్ సుమారు 39 మిల్లీగ్రాములు పెరిగిన కొద్దీ మరణాలు 15 శాతం తగ్గాయి! కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లే ఎక్కువ కాలం బతికారు.

అబద్ధమేమీ కాదు. కానీ వాళ్లు దేనితో పోలేదో చూడాలి. తగ్గినవి క్యాన్సర్, ఇన్‌ఫెక్షన్ మరణాలు. గుండె మరణాల్లో గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. లోపల క్యాన్సర్ పెరుగుతున్నా, ఒళ్లు తరిగిపోతున్నా, తిండి సహించకపోయినా, కాలేయం చెడినా కొలెస్ట్రాల్ పడిపోతుంది. తీవ్రమైన జ్వరం వచ్చినప్పుడూ, గుండెపోటు వచ్చిన మర్నాటి నుంచీ కూడా తగ్గుతుంది. అంటే చాలామందిలో తక్కువ కొలెస్ట్రాల్ జబ్బు తెచ్చింది కాదు, జబ్బు వచ్చి కొలెస్ట్రాల్‌ను తగ్గించింది. పైగా కొలెస్ట్రాల్‌కు లొంగిపోయే గుండెలు చాలావరకు 85 రాకముందే వెళ్లిపోయి ఉంటాయి. మిగిలినవాళ్లు వడపోతలో నిలిచినవాళ్లు. మందు లేకుండానే మామ్మగారి కొలెస్ట్రాల్ ఏడాదిలో 210 నుంచి 140కి దిగితే, మిఠాయి పంచే ముందు ఆవిడ బరువు ఎంత తగ్గిందో చూడాలి. రిపోర్టులో ఆ 140 పక్కన ఏ అక్షరమూ ఉండదు.

దీనికి ఎదురు ఫలితం కోపెన్‌హాగన్ నుంచి 2020లో వచ్చింది. అప్పటిదాకా గుండెజబ్బు లేని 91,131 మందిని గమనించారు, వాళ్లలో 70 నుంచి 100 ఏళ్ల వాళ్లు కూడా ఉన్నారు. ఎల్‌డీఎల్ ఎక్కువున్న పెద్దలకు గుండెపోటు ముప్పు స్పష్టంగా ఎక్కువైంది. పరిశోధకులు ఇంకో లెక్క కట్టారు. ఒక మోస్తరు మోతాదు స్టాటిన్ ఐదేళ్లు వాడితే ఒక్క గుండెపోటు తప్పించడానికి ఎంతమందికి ఇవ్వాలి? యాభైల్లో ఉన్నవాళ్లయితే 439 మందికి. ఎనభై దాటినవాళ్లయితే 80 మందికి. కారణం తేలికే. వయసే అన్నిటికంటే పెద్ద ముప్పు కాబట్టి, పెద్దవాళ్లలో శాతం కొంచెం తగ్గినా తప్పే గుండెపోట్లు ఎక్కువ. ఇది లెక్కలో తేలిన మాట, మందిచ్చి చూసింది కాదు. మందిచ్చి చూసిన 28 ప్రయోగాలను కలిపి 2019లో బేరీజు వేస్తే, 1,86,854 మందిలో 75 దాటినవాళ్లు ఎనిమిది శాతమే. ఇప్పటికే గుండెపోటు వచ్చినవాళ్లకు 75 తర్వాత కూడా స్టాటిన్ మేలు చేస్తుందని అందులో తేలింది. ఏ జబ్బూ లేని 75 దాటినవాళ్ల దగ్గర మాత్రం సాక్ష్యం పలచబడింది. ఆ ఖాళీ పూరించడానికే ఆస్ట్రేలియాలో స్టారీ, అమెరికాలో ప్రివెంటబుల్ అనే పెద్ద ప్రయోగాలు మొదలుపెట్టారు.

ఈ స్టాటిన్ పుట్టింది బూజులోంచి. జపాన్‌లో సాంక్యో కంపెనీలో పనిచేస్తున్న అకిరా ఎండో, కొలెస్ట్రాల్ తయారీని అడ్డుకునే పదార్థం కోసం ఆరువేల రకాల శిలీంధ్రాలను వడపోసి, 1973లో ఒక నీలి బూజులో మొదటి స్టాటిన్ పట్టుకున్నాడు. ఆయనకే డెబ్బై ఏళ్ల వయసులో ఎల్‌డీఎల్ 155 వచ్చింది. దీనికి మంచి మందులున్నాయి, కంగారుపడొద్దని డాక్టరు ధైర్యం చెప్పాడట, ఎదురుగా కూర్చున్నది ఎవరో తెలియక. ఎండో వ్యాయామం పెంచి 130కి దించుకున్నాడు. 2024లో, తొంభై ఏళ్లు నిండాక కన్నుమూశాడు.

‘ఆ మాత్ర వేసుకున్నప్పటి నుంచీ కాళ్లు లాగుతున్నాయి’ అనే ఫిర్యాదు ప్రతి కాలనీ పార్కులోనూ వినిపిస్తుంది. నొప్పి నిజం. కారణం మాత్రనా? లండన్‌లో శాంసన్ అనే చిన్న ప్రయోగం దీన్ని ముచ్చటగా తేల్చింది. దుష్ఫలితాల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి ఏడాదికి పన్నెండు సీసాలిచ్చారు. నాలుగింట్లో స్టాటిన్, నాలుగింట్లో ఉత్తుత్తి మాత్రలు, నాలుగు ఖాళీవి. బాధ ఎంతుందో రోజూ ఫోనులో వందకు మార్కులు వేయాలి. స్టాటిన్ నెలల్లో సగటు 16.3, ఉత్తుత్తి మాత్ర నెలల్లో 15.4, ఖాళీ సీసా నెలల్లో 8. బాధలో పది వంతుల్లో తొమ్మిది వంతులు మాత్ర మింగామన్న బెంగ వల్లే వచ్చాయి. ఫలితం చూపించాక వాళ్లలో సగం మంది మళ్లీ మందు మొదలుపెట్టారు. అయితే కండరాలు నిజంగా దెబ్బతినే కేసులు అరుదుగానైనా ఉన్నాయి. ఏడెనిమిది రకాల మాత్రలు వేసుకునే పెద్దల్లో, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ తోడైనప్పుడు ఆ అవకాశం పెరుగుతుంది. అందుకే దగ్గుకని వెళ్లినా మాత్రల పెట్టె డాక్టరుకు చూపించాలి.

ఆపడానికీ ఒక సమయం ఉంటుంది. ఏడాదికి మించి బతకరనుకున్న 381 మంది రోగులలో సగం మందికి స్టాటిన్ మాన్పించి చూశారు. ఫలితం 2015లో వచ్చింది. రెండు నెలల్లో మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, మానేసినవాళ్ల రోజులు కాస్త హాయిగా గడిచాయి. 50 నుంచి 75 ఏళ్ల వాళ్లలో జరిగిన ప్రయోగాల ప్రకారం, వంద మందిలో ఒకరికి గుండెపోటో పక్షవాతమో తప్పడానికి సుమారు రెండున్నరేళ్లు పడుతుంది. మంచాన పడిన మనిషికి ఆ ఎదురుచూపు ఉండదు.

మాస్టారి దగ్గరికి వద్దాం. ఎల్‌డీఎల్ 136 అన్నది డాక్టరుకు సగం మాటే. మిగతా సగం ప్రశ్నల్లో వస్తుంది. నాన్నగారు ఎన్నేళ్లకు పోయారు, బీడీ సిగరెట్ అలవాటుందా, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, ఈ ఏడాది బరువు తగ్గారా. థైరాయిడ్ మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది, పెద్దవాళ్లలో అది చాలాసార్లు నీరసంగానో మతిమరుపుగానో మాత్రమే కనిపిస్తుంది కాబట్టి టీఎస్‌హెచ్ పరీక్ష రాస్తారు. ఇంకొకటి, జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలనే లిపోప్రొటీన్ ఏ పరీక్ష. నార్వే శాస్త్రవేత్త కోరె బెర్గ్ 1963లో కనుక్కున్న ఈ రేణువు ఎంత ఉండాలో చాలావరకు తల్లిదండ్రుల నుంచే వస్తుంది. నెయ్యి మానినా, నడిచినా, స్టాటిన్ వేసుకున్నా అది తగ్గదు. అది 50 మిల్లీగ్రాములు దాటితే మిగతా ముప్పులను మరింత గట్టిగా అదుపు చేయాలి. మాస్టారికి ఎక్కువని తేలితే ఆయన పిల్లలు కూడా చేయించుకోవడం మంచిది, వాళ్లకింకా కూడికలో చాలా ఏళ్లు మిగిలి ఉన్నాయి.

మాస్టారు ఆ రెండు పరీక్షలు, రాత్రిపూట వేసుకునే ఒక చిన్న మాత్ర, రోజూ అరగంట నడక రాయించుకుని బయటపడతారు. మళ్లీ రక్తం ఇవ్వాల్సింది మూడు నెలలకు. ఆయన ట్రైగ్లిజరైడ్లు 190 కాబట్టి ఈసారి కాఫీ తాగే వెళ్లవచ్చు.